ఆ నాలుగు నెలల లెక్క: అప్పులిచ్చే అధికారులకు ఒక బహిరంగ లేఖ

చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే బ్యాంకుల, ఫైనాన్స్ సంస్థల అధికారులకు,

నమస్కారం.

యూనిఫాంలు కుట్టే చిన్న యూనిట్ ఒకటి తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాను. పదకొండు మెషీన్లు, పద్నాలుగు మంది పనివాళ్లు. నాకు ఇద్దరు పిల్లలు. బాబుకి ఏడేళ్లు, పాపకి మూడో ఏడు నడుస్తోంది. మీ దగ్గర అప్పు తీసుకుని, కట్టి, మళ్లీ తీసుకునే ఎంతో మందిలో నేనొకదాన్ని. ఒక కాగితం మీద పెన్సిల్‌తో చుట్టిన సున్నా గురించి మీతో మాట్లాడాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. ఇవాళ పిల్లలు త్వరగా నిద్రపోయారు, రేపటి కటింగ్ కూడా సర్దేశాను. అందుకే కూర్చున్నాను.

పాప పుట్టిన ఆరో నెలలో మా క్యాష్ క్రెడిట్ లిమిట్ (వ్యాపారానికి ఇంతవరకు వాడుకోమని బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి) రెన్యువల్‌కి వచ్చింది. కాగితాలన్నీ ఫైలులో పెట్టుకుని వెళ్లాను. పాపని ఒళ్లో వేసుకుని మా అమ్మ బయట కుర్చీల్లో కూర్చుంది. లోపల ఉన్న అధికారి మర్యాదస్తుడే. కూర్చోమన్నారు, మంచినీళ్లు తెప్పించారు. ఏడాది స్టేట్‌మెంట్ ముందు పరుచుకుని ఒక్కో నెల టర్నోవర్ చూస్తూ వచ్చి ఒకచోట ఆగారు. పెన్సిల్ తీసి నాలుగు నెలల చుట్టూ సున్నా చుట్టారు.

"ఇక్కడేంటమ్మా, ఇంతలా పడిపోయింది?"

"కాన్పు అయిందండీ."

ఆయన తలూపారు. కాసేపు కాగితం వైపే చూసి, "అది సరే, మళ్లీ ఇలా జరిగితే?" అన్నారు.

సరిగ్గా అప్పుడే బయట పాప గుక్కపట్టింది. అద్దం తలుపు మూసి ఉన్నా నాకు వినపడింది. బిడ్డ ఏడుపు చెవిన పడితే పాలు చేపుకొస్తాయి, అది మన చేతిలో ఉండదు. బట్టలు తడుస్తున్నాయని తెలుస్తూనే ఉంది. ఫైలు గుండెకి అదుముకుని జవాబు చెప్పాను. ఏం చెప్పానో పూర్తిగా గుర్తులేదు. పనివాళ్ల జీతాలు ఒక్క నెలా ఆగలేదని, వాయిదా ఒక్కటీ తప్పలేదని, చేతిలో స్కూలు ఆర్డర్లు ఉన్నాయని చెప్పినట్టున్నాను. ఆయన విన్నారు. విన్నాక పాపని ఎవరు చూసుకుంటారని అడిగారు. మీవారు ఏం చేస్తుంటారని అడిగారు.

పది రోజుల తర్వాత కబురొచ్చింది. లిమిట్ ఐదో వంతు తగ్గించారు. పైగా మావారు హామీదారుగా సంతకం పెట్టాలట. మావారు ఉద్యోగస్తుడు. ఓవర్‌లాక్ మెషీన్‌కి దారం ఎక్కించడం కూడా ఆయనకి రాదు, మా పనివాళ్లలో సగం మంది పేర్లు తెలియవు. అయినా అప్పటికి నా ఏడేళ్ల పని కన్నా ఆయన జీతం స్లిప్పే మీకు ఎక్కువ భరోసా ఇచ్చింది. సంతకం పెడుతూ నాకన్నా ఆయనే ఎక్కువ నొచ్చుకున్నారు.

ఆ సున్నా లోపల ఏం జరిగిందో మీరు ఎవరూ అడగలేదు. ఇప్పుడు చెబుతాను.

నాకు ఐదో నెల వచ్చినప్పుడే సర్దుబాట్లు మొదలుపెట్టాను. అప్పటిదాకా కటింగ్ అంతా నా చేతి మీదే నడిచేది. కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టొచ్చు, కత్తెర తప్పితే ఆ గుడ్డ ఇక అతకదు. అందుకే ఆ పని ఎవరికీ వదిలేదాన్ని కాదు. మా దగ్గర చాలాకాలంగా కుడుతున్న ఒకావిడని కటింగ్ టేబుల్ దగ్గర పక్కన నిలబెట్టుకుని మూడు నెలలు నేర్పాను. రెండో వారంలో ఇరవై పొరల గుడ్డ మీద రెండు చేతులూ ఒకే వైపువి కోసేసింది. నలభై చేతుల ముక్కలు వృథా. ఆవిడ ఏడుస్తుంటే నేను ఆ ముక్కల్లోంచి జేబులు, కాలర్లు వచ్చేలా మళ్లీ చాక్‌పీస్‌తో గీసి ఇచ్చాను. ఎనిమిదో నెల వచ్చేసరికి ఆవిడ ఒంటిచేత్తో రోజు కటింగ్ తెమిల్చేస్తోంది. నా వ్యాపారం మొదటిసారి నా చేతులు లేకుండా కదలడం నేర్చుకుంది.

తానులు ఇచ్చే హోల్‌సేల్ వ్యాపారిని అడిగి ముప్పై రోజుల గడువు నలభై ఐదు చేయించుకున్నాను. కొత్త కస్టమర్లు అడిగితే, ఫలానా నెల నుంచి తీసుకుంటానని ముందే చెప్పాను. పాతవాళ్లలో మాట మీద నిలబడే ఇద్దరి ఆర్డర్లు మాత్రం ఉంచుకున్నాను. జీతాలకీ వాయిదాలకీ సరిపడా డబ్బు అంతకుముందు ఎనిమిది నెలలుగా వేరే ఖాతాలో దాస్తూ వచ్చాను. అంటే ఆ నాలుగు నెలల అమ్మకాలు నలభై శాతానికి దిగింది నా వ్యాపారం దెబ్బతిని కాదు. ఎంతవరకు మోయగలనో లెక్కేసుకుని నేనే దించాను.

పాప పుట్టిన పన్నెండో రోజున గుండీల రంగు తేడా వచ్చిందని ఫోనొచ్చింది. పుట్టిన కొత్తలో బిడ్డకి రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలివ్వాలి. ఆ మధ్యలోనే ఫోటోలు తెప్పించుకుని, వెలుతుర్లో పెట్టి చూసి, ఏ గుండీ వాడాలో చెప్పాను. ఆ నెల జీతాల పుస్తకంలో నా రాత ఒక పక్కకి వాలి ఉంటుంది. రాత్రి రెండింటికి ఎడమచేత్తో పాపని పట్టుకుని కుడిచేత్తో రాసిన పేజీ అది. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆ నాలుగు నెలలూ నా కోసం యూనిట్ నుంచి ఒక్క పైసా తీసుకోలేదు. ఆ సంగతి కూడా మీ ముందున్న స్టేట్‌మెంట్‌లోనే ఉంది, యజమాని సొంతానికి తీసుకున్న డబ్బు రాసే డ్రాయింగ్స్ ఖాతా చూస్తే తెలిసేది.

ఇక లిమిట్ తగ్గించిన లెక్క. మీ లెక్కల పద్ధతి నాకు కొంత తెలుసు. వర్కింగ్ క్యాపిటల్‌ని, అంటే వ్యాపారం రోజూ నడవడానికి కావాల్సిన డబ్బుని, ఏడాది అమ్మకాల్లో ఐదో వంతుగా కట్టే పద్ధతి ఒకటి ఉంది. నెలకి నూరు చొప్పున అమ్మే వ్యాపారానికి ఏడాదికి పన్నెండు వందలు, లిమిట్ రెండు వందల నలభై. నాలుగు నెలలు అమ్మకం నలభైకి దిగితే ఏడాది మొత్తం తొమ్మిది వందల అరవై అవుతుంది, లిమిట్ నూట తొంభై రెండుకి పడుతుంది. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఆ తగ్గిన లిమిట్ అమల్లోకి వచ్చేది ఎప్పుడు? బాలింత లేచి మళ్లీ పనిలోకి వచ్చి, నెలకి నూరు అమ్మకం తిరిగి అందుకున్నాక. అప్పుడు ఆమెకి గుడ్డ కొనడానికి రెండు వందల నలభై కావాలి, చేతిలో నూట తొంభై రెండే ఉంటుంది. నాలుగు నెలల విశ్రాంతికి పన్నెండు నెలల శిక్ష పడుతుంది. వచ్చే ఏడాది అమ్మకాలు ఆ కొరత వల్లే నిజంగా తగ్గుతాయి, దాన్ని చూపించి ఆ పై ఏడాది లిమిట్ ఇంకా తగ్గిస్తారు. నా విషయంలో ఏమైందంటే, సీజన్‌లో పాత కస్టమర్ ఇచ్చిన రెండో ఆర్డర్ వదులుకున్నాను. కుట్టే చేతులు ఉన్నాయి, మెషీన్లు ఖాళీగా ఉన్నాయి, గుడ్డకి డబ్బు లేదు. వ్యాపారం నిలకడగా లేదని మీరు అనుకున్నారు కదా, నిలకడ తప్పింది ఆ రోజున.

నాకు తెలిసిన ఆడవాళ్లు కొందరు ఇలాంటి చోట ఎక్కువ వడ్డీకి చేబదులు తెస్తారు. ఆ వడ్డీ కట్టలేక పనివాళ్లని తగ్గిస్తారు. ఆ తర్వాత వ్యాపారం మూసేస్తే, "పిల్లలు పుట్టాక ఆవిడకి కుదర్లేదు" అని చుట్టుపక్కలవాళ్లు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. పిల్లల వల్ల పోయిన వ్యాపారాలు ఎన్నో నాకు తెలియదు గానీ, సరిగ్గా పిల్లలు పుట్టిన సమయంలో డబ్బు అందక పోయినవి కళ్లారా చూశాను.

ఇంకో సంగతి. నేను కడుపుతో ఉన్నప్పుడే మా దగ్గర కాజాలు వేసే అమ్మాయి కూడా కడుపుతో ఉంది. ఆమె ప్రసూతి సెలవు కాగితం నా టేబుల్ మీదికి వచ్చింది. జీతంతో కూడిన సెలవు. సంతోషంగా సంతకం పెట్టాను, అది ఆమె హక్కు. సంతకం పెట్టి పెన్ను మూత పెడుతుంటే, నా సెలవు కాగితం మీద ఎవరు సంతకం పెడతారన్న ఆలోచన వచ్చింది. ఎవరూ లేరు. ఆ రోజు నుంచే ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో పుట్టింది. పుట్టిన ఏడాదే ప్రసూతి రక్షణ మీద ఒప్పందం చేసింది. ప్రసవం తర్వాత ఆరు వారాలు పనిలో పెట్టుకోకూడదు, ప్రసవానికి ముందు ఆరు వారాలు సెలవు పెట్టుకునే హక్కు ఉండాలి, పాలిచ్చే తల్లికి పని మధ్యలో రోజుకి రెండుసార్లు అరగంట చొప్పున తీరిక ఇవ్వాలి అని రాశారు. నూరేళ్ల కిందటే అంత ఆలోచించినందుకు వాళ్లకి చేతులెత్తి మొక్కాలి. అయితే అందులోనే, ఇంట్లోవాళ్లు మాత్రమే పనిచేసే సంస్థలకి ఇది వర్తించదని కూడా రాశారు. 2000 నాటి ఒప్పందం సెలవుని కనీసం పద్నాలుగు వారాలు చేసింది, ఇంకా ఎన్నో రకాల పనుల్లోని ఆడవాళ్లని కలుపుకుంది. కానీ అది కూడా ఇంకొకరి కింద పనిచేసే స్త్రీ కోసం రాసిందే. భారతదేశంలో 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి సెలవుని ఇరవై ఆరు వారాలు చేశారు. అదీ ఉద్యోగినుల కోసమే. తల్లి అంటే జీతగత్తె అయి ఉంటుందని చట్టం అనుకుంది. యజమాని అంటే బిడ్డని కనని మనిషై ఉంటాడని మీ ఫారం అనుకుంది. రెండూ అయిన మనిషికి రెండుచోట్లా చోటు లేకుండా పోయింది.

కొన్ని దేశాలు ఈ ఖాళీని చూశాయి. యూరోపియన్ యూనియన్ 2010లో ఇచ్చిన ఆదేశం ప్రకారం సొంత పని చేసుకునే స్త్రీకి, అలాంటి వ్యాపారంలో భర్తకి సాయపడే భార్యకి కూడా కనీసం పద్నాలుగు వారాలు ప్రసూతి భృతి అందే ఏర్పాటు ఉండాలి. బ్రిటన్‌లో సొంత వ్యాపారం ఉన్నవాళ్లకి ముప్పై తొమ్మిది వారాల దాకా ప్రసూతి భృతి దొరుకుతుంది. కెనడాలో స్వయం ఉపాధి ఉన్నవాళ్లు ముందుగా చేరి చందా కట్టుకుంటే ప్రసూతి సాయం పొందే పద్ధతి 2010లో మొదలైంది. ఇవన్నీ ప్రభుత్వాలు చేయాల్సినవి, వాటి గురించి ప్రభుత్వాలనే అడుగుతాం. మిమ్మల్ని అడిగేది మీ చేతిలో ఉన్నది.

ఎదురుచూడటం మీకు చేతకానిదేమీ కాదు. రైతుకి పంట రుణం ఇచ్చినప్పుడు ప్రతి నెలా వాయిదా అడగరు, పంట చేతికొచ్చేదాకా ఆగుతారు. విద్యార్థికి రుణం ఇస్తే చదువు అయ్యేదాకా ఆగుతారు. ఫ్యాక్టరీ కట్టేవాళ్లకి కట్టడం పూర్తయి ఉత్పత్తి మొదలయ్యేదాకా మారటోరియం ఇస్తారు. 2020లో అందరి షట్టర్లూ ఒకేసారి దిగినప్పుడు ఎన్నో దేశాల్లో అప్పులవాళ్లకి గడువు ఇచ్చారు. భారతదేశంలో అయితే ఆ మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు వాయిదాలు ఆపుకునే వీలు కల్పించారు. వడ్డీ నడిచింది, నిజమే. కానీ అలా ఆపుకున్నవాళ్లని ఆ నెలలు చూపించి ఎగవేతదారులని ఎవరూ అనలేదు. అంటే ఖాతాలో ఒక ఖాళీని ఎలా చూడాలో, దాని పక్కన ఏ మాట రాసి పెట్టుకోవాలో మీకు తెలుసు.

వరద చెప్పి రాదు, మహమ్మారి చెప్పి రాదు. కాన్పు నెలల ముందే చెప్పి వస్తుంది. ఎప్పుడు మొదలవుతుందో, సుమారుగా ఎప్పుడు తేరుకుంటామో తెలుస్తుంది. అప్పులిచ్చేవాళ్లకి ఇంతకన్నా ముందస్తు సమాచారం ఉన్న నష్టం ఇంకేదైనా ఉంటుందా? అయినా మేం ఆ మాట మీకు ముందుగా చెప్పం. ఎందుకు చెప్పమో మీరు ఆలోచించండి. చెబితే లిమిట్ ఆగిపోతుందని భయం. నేను కూడా కడుపుతో ఉన్నన్నాళ్లూ బ్యాంకుకి వెళ్లాల్సి వస్తే దుపట్టా నిండుగా కప్పుకుని వెళ్లాను, కుర్చీలోంచి లేచేటప్పుడు ఆయాసం బయటపడకుండా చూసుకున్నాను. తప్పు చేసినదానిలా దాచుకున్నాను. దాచుకోవాల్సిన పని లేకుంటే, వాయిదాల సర్దుబాటు ముందే కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. అది మీకూ మంచిదే.

ఆయన అడిగిన ప్రశ్నల గురించి కూడా చెప్పాలి. పాపని ఎవరు చూసుకుంటారు అన్న ప్రశ్నలో చెడ్డ ఉద్దేశం ఉందని నేననను. కానీ మా వీధి చివర ప్రింటింగ్ ప్రెస్ నడిపే ఆయనకి కూడా అదే ఏడాది బాబు పుట్టాడు, అదే నెలలో రెన్యువల్ అయింది. ఆయన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదట, అభినందనలు చెప్పారట. అమెరికాలో డానా కాంజె అనే పరిశోధకురాలు, తోటివాళ్లతో కలిసి, కొత్త కంపెనీలవాళ్లు పెట్టుబడి కోసం పోటీపడే ఒక వేదిక మీద జరిగిన ప్రశ్నోత్తరాలన్నీ పరిశీలించారు. మగవాళ్లని ఎక్కువగా ఎలా పెరుగుతారని, ఎంత సాధిస్తారని అడిగారు. ఆడవాళ్లని ఎక్కువగా నష్టం ఎలా ఆపుతారని, ఉన్నది ఎలా నిలబెట్టుకుంటారని అడిగారు. అడిగినదానికే కదా మనిషి జవాబు చెప్పేది. మునిగిపోకుండా ఎలా ఉంటావని అడిగినవాళ్లకి, ఎంత దూరం ఈదగలనో చెప్పే అవకాశం రాదు. ఆ రోజు నన్ను స్కూలు ఆర్డర్ల గురించి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, ఫైలులో మూడు పర్చేజ్ ఆర్డర్లు ఉన్నాయి, తీసి చూపించేదాన్ని.

మీకు నిజంగా అవసరమైన ప్రశ్న వేరే ఉంది. యజమాని నాలుగు నెలలు లేకపోతే ఈ వ్యాపారం నడుస్తుందా? ఇది మంచి ప్రశ్న. ఆడవాళ్లనీ అడగండి, మగవాళ్లనీ అడగండి. గుండెపోటు వచ్చినా, కాలు విరిగినా, కాన్పు వచ్చినా జవాబు ఒకటే. 2023లో అర్థశాస్త్రంలో నోబెల్ పొందిన క్లాడియా గోల్డిన్ ఆడవాళ్ల సంపాదన మీద ఎన్నో ఏళ్లు పనిచేశారు. ఈ కాలంలో ఆడామగా సంపాదనల మధ్య తేడాలో పెద్ద భాగం మొదటి బిడ్డ పుట్టాకే మొదలవుతుందని చూపించారు. లారెన్స్ కాట్జ్‌తో కలిసి మందుల షాపుల్లో పనిచేసే ఫార్మసిస్టుల మీద చేసిన అధ్యయనంలో, ఒకరి పని ఇంకొకరు అందుకోగలిగిన చోట ఆ తేడా బాగా తగ్గిందని తేల్చారు. అది చదివినప్పుడు నాకు మా కటింగ్ టేబుల్ గుర్తొచ్చింది. పక్కన నిలబెట్టి నేర్పిన ఆ మూడు నెలలే నా యూనిట్‌కి అసలైన పూచీకత్తు. మావారి సంతకం కన్నా అది గట్టిది. కానీ దాన్ని చూపించడానికి మీ ఫారంలో చోటు లేదు.

పిల్లల్ని చూసుకునేవాళ్లకి ఇచ్చే జీతం కూడా ఇలాంటిదే. నేను యూనిట్‌కి వెళ్లాలంటే ఇంట్లో పాప దగ్గర మనిషి ఉండాలి. కరెంటు లేకపోతే మెషీన్ తిరగదు, ఆ మనిషి లేకపోతే నేను తిరగను. కరెంటు బిల్లు వ్యాపార ఖర్చు, ఆ మనిషి జీతం సొంత ఖర్చు. కెనడాలో ఎలిజబెత్ సైమ్స్ అనే న్యాయవాది ఇదే ప్రశ్న వేశారు. తన పిల్లల్ని చూసుకునే ఆయాకి ఇచ్చిన జీతాన్ని తన వృత్తి ఖర్చుగా పన్నులో మినహాయించాలని పోరాడారు. 1993లో సుప్రీంకోర్టు కాదంది. ఏడుగురు జడ్జీలు కాదన్నారు, ఇద్దరు సరే అన్నారు. ఆ ధర్మాసనంలో ఉన్న ఆడవాళ్లు ఇద్దరే, సరే అన్నది ఆ ఇద్దరే. ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. పన్ను సంగతి మీ పరిధిలో లేదు. కానీ నేను ఆయాకి ఇస్తున్న జీతం చూసి "ఇంటి ఖర్చు ఎక్కువగా ఉంది" అని మీరు నా ఫైలులో రాసుకోవడం మాత్రం మీ చేతిలోనిదే. అది యూనిట్ తలుపు తెరిచే ఖర్చు అని రాసుకోండి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం, జీతం లేని సంరక్షణ పనిలో నాలుగింట మూడు వంతులకి పైగా గంటలు ఆడవాళ్లే చేస్తున్నారు. మావారు చాలామంది కన్నా నయం, రాత్రి పూట బాబుని ఆయనే చూసుకుంటారు, స్కూలు పనులు ఆయనవే. అయినా పాలివ్వడం ఆయన వల్ల కాదు కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలల దాకా బిడ్డకి తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దంటోంది. డాక్టరు ఆ ఆరు నెలల కాగితం చేతిలో పెడతారు, మీరు నాలుగు నెలల స్టేట్‌మెంట్ మీద సున్నా చుడతారు. రెండు కాగితాలూ ఒకే మనిషి ఇంట్లోకి వస్తున్నాయి.

మీ భయం నాకు అర్థం కాకపోలేదు. మీరిచ్చేది డిపాజిటర్ల డబ్బు. అమ్మకాలు పడిపోయిన ప్రతి చోటా ఇలాంటి కథ ఉంటుందని నమ్మితే మీ పని నడవదు. కానీ సెలవులో ఉన్న వ్యాపారానికీ మునిగిపోతున్న వ్యాపారానికీ తేడా కాగితాల మీద కనిపిస్తుంది. మునిగేచోట చెక్కులు వెనక్కి వస్తాయి, సప్లయర్ల బకాయిలు పేరుకుంటాయి, జీతాలు ఆలస్యమవుతాయి, సరుకు అమ్ముడుపోక నిలిచిపోతుంది. సెలవులో ఉన్నచోట అమ్మకం తగ్గుతుంది, దాంతోపాటే కొనుగోలూ తగ్గుతుంది, జీతాలు మాత్రం సమయానికి పోతుంటాయి. ఇరవై నిమిషాలు చూస్తే తేలిపోయే విషయం.

అమెరికాలో 1988లో ఆడవాళ్ల వ్యాపారాల మీద చట్టం వచ్చేదాకా, ఒక స్త్రీ వ్యాపారానికి అప్పు అడిగితే మగ బంధువు సంతకం తెమ్మనడం చాలాచోట్ల మామూలుగా సాగింది. అంతకన్నా ముందే, 1974లో, అహ్మదాబాదులో ఇళ్ల దగ్గరా వీధుల్లోనూ పనిచేసుకునే 4,000 మంది ఆడవాళ్లు తలా కాస్త వేసుకుని సేవా బ్యాంకు పెట్టుకున్నారు. వాళ్లలో చాలామందికి చదవడం, రాయడం రాదు. అప్పులు తీసుకున్నారు, కట్టారు, ఆ బ్యాంకు నిలబడింది. నేను ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆడవాళ్ల పేరు మీద అప్పు ఇవ్వడానికి పక్కన ఇంకో సంతకం ఉండాలన్న అలవాటు మానుకోవచ్చని చెప్పడానికి చెబుతున్నాను. వ్యాపారం బలహీనంగా ఉంటే ఎవరికైనా హామీదారుని అడగండి. కాన్పు అయిందని మాత్రం అడగకండి.

ఇక మిమ్మల్ని అడిగేది. మీ రెన్యువల్ ఫారంలో ప్రసూతి సెలవు అని ఒక గడి పెట్టండి. ఆ గడి నిండిన నెలల్ని పక్కన పెట్టి, మిగతా నెలల సగటుతో గానీ, అంతకుముందు ఏడాది అదే సీజన్‌తో గానీ పోల్చి లిమిట్ కట్టండి. ఎవరైనా ముందుగా వచ్చి నాకు ఫలానా నెలలో కాన్పు అని చెబితే, ఒక ఆరు నెలలు వడ్డీ మాత్రమే కట్టించుకుని అసలు గడువు అంత మేరకు వెనక్కి జరిపే వీలు రాతపూర్వకంగా ఇవ్వండి. అలా జరిపినందుకు ఆ ఖాతా మీద చెడ్డ ముద్ర వేయకండి. పొదుపు చేసి పెట్టుకోగలిగిన నాలాంటివాళ్లు ఎలాగో గట్టెక్కుతారు. నిన్నగాక మొన్న రెండు మెషీన్లతో మొదలుపెట్టిన అమ్మాయికి ఆ పొదుపు చేసుకునే టైమే ఉండదు. నాకు బాబు పుట్టినప్పుడు నేనూ అలాగే ఉన్నాను. యూనిట్‌కి అప్పుడు రెండేళ్లు, మూడు మెషీన్లు. పద్దెనిమిదో రోజుకే పనిలోకి వెళ్లాను. కుట్లు పచ్చిగా ఉండగానే పెడల్ తొక్కాను. ఆ నొప్పి ఇప్పటికీ చలికాలంలో వస్తుంది. ఆ అమ్మాయికి అది రాకూడదు.

వచ్చే నెల మా రెన్యువల్ మళ్లీ ఉంది. ఈ రెండేళ్లలో అమ్మకాలు పాత స్థాయి దాటాయి, కటింగ్ టేబుల్ దగ్గర ఇప్పుడు ఇద్దరు ఉన్నారు. ఆ పెన్సిల్ గీత ఉన్న పాత స్టేట్‌మెంట్ కాపీ కూడా ఫైలులో పెట్టుకుని వస్తున్నాను. ఆ నాలుగు నెలల పక్కన పెన్నుతో "ప్రసూతి సెలవు" అని రాశాను. వెనక జీతాల పుస్తకంలోంచి ఆ వాలిన రాత పేజీ జిరాక్స్ జత చేశాను. ఈసారి ఫైలు తెరిచినప్పుడు ముందు ఆ పేజీ చూడండి.

ఇట్లు,
యూనిఫాంల యూనిట్ యజమాని, ఇద్దరు పిల్లల తల్లి